టీ మందిరంలో ఎర్ర కుర్చీ

మా అమ్మాయికి కాబోయే అత్తగారు మొదటిసారి పుంగ్గోల్‌లో మా ఫ్లాటుకి వచ్చినప్పుడు నేను అల్లం టీ పెట్టి, గ్లాసు అంచుదాకా పోసి ఇచ్చాను. మా వైపు చుట్టానికి సగం గ్లాసు పోసి ఇచ్చామంటే ఇంటిల్లిపాదికీ పిసినారి పేరు అంటగడతారు. ఆవిడ గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది. రెండు గుక్కలు తాగి, బస్సుకి టైమైందని లేచింది. చైనీస్ వాళ్ళకి పాల టీ పడదు కాబోలు అనుకుని మిగిలింది నేనే తాగేశాను.

అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ పిల్లాడు. నెమ్మదస్తుడు. గోంగూర పచ్చడి కలుపుకుని చెమటలు కక్కుతూ తింటాడు, వద్దంటే వినడు. ఆ సంబంధానికి నేనెలా ఒప్పుకున్నానన్నది వేరే కథ, ఇప్పుడెందుకు. ఒప్పుకున్నాక వచ్చిన పేచీ ఇది. పెళ్ళి ఒకరోజు మన పద్ధతిలో, మర్నాడు పొద్దున వాళ్ళ పద్ధతిలో టీ. ఆ టీ మామూలు టీ కాదు. కొత్త దంపతులు రెండు వైపుల పెద్దల ముందూ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో కప్పు అందిస్తారు. పెద్దవాళ్ళు అందుకుని తాగితే ఆ పెళ్ళిని మనసారా ఒప్పుకున్నట్టు. మా వైపు టీ మా ఫ్లాటులోనే అనుకున్నారు. మరి మా వైపు కుర్చీలో కూర్చునేది ఎవరు? అక్కడొచ్చింది గొడవంతా.

నేను మాత్రం కూర్చోనని చెప్పేశాను. మా ఆయన పోయి కొన్నేళ్ళయింది. గుంటూరు నుంచి తమ్ముడూ మరదలూ వస్తున్నారు, కన్యాదానం ఎలాగూ వాళ్ళే చేస్తారు, ఆ టీ కూడా వాళ్ళే తాగుతారు, నేను వంటింట్లో ఉండి కప్పులు అందిస్తాను అన్నాను. నన్ను అలా ఉండమని ఎవరూ అనలేదు. అనే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదన్నదే నా పట్టుదల.

ఆయన పోయిన మరుసటేడు మా బ్లాకులోనే తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళాను. ఆడవాళ్ళం వరసగా కూర్చున్నాం. ఆ ఇంటి కోడలు కుంకుమ భరిణె పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగుతూ వచ్చింది. నా ముందు వంగలేదు. నా పక్కావిడ ముందు వంగింది. పాపం చాలా సున్నితంగానే చేసింది, ఎవరూ గమనించి కూడా ఉండరు. స్టాపులో చెయ్యెత్తిన మనిషిని చూడనట్టు బస్సు సాగిపోతుందే, అలాగ. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఏ శుభకార్యంలోనూ నేను వరసలో కూర్చోలేదు. వెళ్ళగానే వంటింట్లోకి దారి తీస్తాను. కూరలు తరుగుతున్న మనిషిని ఎవరూ దాటి వెళ్ళరు.

ఇదంతా అమ్మాయికి చెప్పలేదు. చెప్పినా దాని తలకెక్కదు. కూర్చోనన్న మాట విని, ఆఫీసు నుంచి వచ్చిన షూ కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

“అమ్మా, నువ్వు లేకపోతే నేను ఎవరి ముందు నీల్ అవ్వాలి? మామయ్యని లాస్ట్ ఎప్పుడు చూశానో కూడా గుర్తులేదు. నువ్వు కూర్చోకపోతే నాకా టీ వద్దు లా.”

మాట చివర ఆ ‘లా’ ఇక్కడివాళ్ళ ఊతపదం. అన్నంత పనీ చేసే పిల్ల. టీ లేకపోతే అబ్బాయి ఇంటివాళ్ళ దృష్టిలో మేము ఈ పెళ్ళిని ఒప్పుకోనట్టే. ఆ మాట చెప్పబోతే ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంది. ఆ రోజునుంచి నాతో ముభావంగా ఉంటోంది. తిన్నావా అంటే తిన్నా, పడుకుంటావా అంటే పడుకుంటా, అంతే.

కాబోయే వియ్యపురాలికి ఈ సంగతేమీ తెలియదు. శనివారం ఖాళీయేనా అని ఫోన్ చేసింది. వాళ్ళ అత్తగారి తరఫు సంఘం వాళ్ళు ఒక పాత ఇంట్లో టీ స్మారక మందిరం నడుపుతున్నారట. ఓడలెక్కి ఇక్కడికి వచ్చిన పూర్వీకుల టీ సామాన్లు, చైనాలో ఏ జాతివాళ్ళు టీ ఎలా కాచుకుంటారన్నది, పెళ్ళిళ్ళలో ఎలా ఇస్తారన్నది, అన్నీ అక్కడున్నాయట. కుర్చీలూ బల్లా ఎలా వెయ్యాలో ఇద్దరం వెళ్ళి చూసొద్దామంది. ఆవిడ చాలా ఏళ్ళు ఒక స్కూలు క్యాంటీన్‌లో నూడుల్స్ స్టాలు నడిపిన మనిషి. గొంతు పెద్దది, వద్దన్న మాట చెవిన పడదు. నాకూ మొహమాటం అడ్డొచ్చి సరేనన్నాను. మన వరసలో ఆవిడ నాకు వదినగారు. ఆవిడేమో నన్ను సిస్టర్ అంటుంది.

ముందు ఏదైనా తిందామని, చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం వేళ, జనం కిటకిటలాడుతున్నారు. ఖాళీ అయిన టేబుల్ మీద బ్యాగులోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి పడేసి, ఇక దానికి తిరుగులేనట్టు వెళ్ళి క్యూలో నిలబడింది. ఇక్కడ అందరూ చేసే పనే, చోప్ చెయ్యడం అంటారు. మా ఊళ్ళో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటే, ఎక్కాక ఆ తువ్వాలు కోసం కొట్టుకోవడం కూడా ఉంటుంది. ఇక్కడ మాత్రం టిష్యూ ప్యాకెట్ ఉన్న కుర్చీలో ఇంకొకరు కూర్చోగా నేనింతవరకూ చూడలేదు. ఆ ప్యాకెట్ ఎవరిదని కూడా అడగరు. మేం తిని లేచాక ఆవిడ దాన్ని మళ్ళీ జాగ్రత్తగా బ్యాగులో వేసుకుంది.

మందిరం అంటే ఏదో ఊహించుకున్నాను గానీ, రెండంతస్తుల పాత ఇల్లు. కింద సంఘం ఆఫీసు, పైన మందిరం. కాపలా అంకుల్ మాకోసం పైన లైట్లు వేసి, తన పేపరు దగ్గరికి తాను వెళ్ళిపోయాడు. ఇంకెవరూ లేరు. మెట్లెక్కగానే ఎండిన ఆకుల వాసన, పాత చెక్క వాసన. గోడలనిండా ఫోటోలు. చొక్కాల్లేని మనుషులు రేవులో మూటలు మోస్తున్నారు, ఒక మూలన నేలమీద చతికిలబడి చిన్న కప్పుల్లో టీ తాగుతున్నారు. ఆ కప్పులు మన భరిణెల కన్నా చిన్నవి. అంత పని చేసిన మనిషికి ఆ గుక్కెడు ఏం ఆనుతుందని నాకు జాలేసింది.

అద్దాల బీరువాలో నల్లగా గుండ్రంగా అచ్చం పిడకల్లాంటివి పేర్చి ఉన్నాయి. అవి టీ ఆకుని ఆవిరి పట్టి అచ్చు ఒత్తినవట, ఎంత పాతబడితే అంత గొప్పట. వాటిని మా ఊళ్ళో చూస్తే పొయ్యిలో పెడతారని చెబితే ఆవిడ పడీపడీ నవ్వింది. ఇంకో గదిలో కొండజాతుల వాళ్ళవి. పొడుగాటి కొయ్య గొట్టం, లోపల కవ్వం లాంటి కర్ర. టీలో వెన్నా ఉప్పూ వేసి మజ్జిగ చిలికినట్టు చిలుకుతారట. లోపలంతా గీతలున్న మట్టి రోలు కూడా ఉంది, ఆకులూ నువ్వులూ పల్లీలూ అందులో నూరుకుని వేడినీళ్ళు పోసుకుంటారట. నేనడిగినవాటికి సగం ఆవిడకీ తెలియవు. కళ్ళజోడు పెట్టుకుని అట్టల మీద రాసింది చదివి, అర్థం కానిచోట మా అత్తనడగాలి అనేది. నాకు సరదాగానే ఉంది, చివరి గదిలోకి వెళ్ళేదాకా.

చివరిది పెళ్ళి టీ గది. ఎర్ర గుడ్డ కప్పిన రెండు కుర్చీలు, మధ్యన చిన్న బల్ల, దానిమీద మూతలున్న కప్పులు. ఎదురుగా నేలమీద మోకాళ్ళు ఆనించడానికి రెండు ఎర్ర దిండ్లు. కుర్చీల వెనక గోడకి ఒక అరమర, అందులో ఎవరివో పాత ఫోటోలు, వాటి ముందు కూడా చిన్న కప్పులు. కుర్చీల్లో కూర్చుని ఫోటోలు తీసుకోవచ్చని బోర్డు ఉంది. ఆవిడ ఒక కుర్చీలో కూర్చుని రెండోది చూపించి నన్ను రమ్మంది. నేను ఒకడుగు వెనక్కి వేసి, మీరు కూర్చోండి, నేను తీస్తానని ఫోన్ పైకెత్తాను. కాళ్ళు వాటంతటవే వెనక్కి పోయాయి.

ఆవిడ ఫోటోకి నవ్వలేదు. మీ వైపు ఎవరు తాగుతారని అడిగింది. నా తమ్ముడూ అతని భార్యా అని చెప్పాను.

“వై బ్రదర్?” అంది. “యూ డెడ్ ఆల్రెడీ, ఆ?”

ఏం, అప్పుడే పోయావా అని. మొహం మీద అడిగేసింది. ఆవిడ లేచి వెనకున్న అరమర చూపించింది. పోయినవాళ్ళ కప్పులు అవి అంది. పెళ్ళిరోజు వాళ్ళకీ టీ పోసి ముందు పెడతారు, కాసేపుంచి తీసేస్తారు. బతికున్నవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు. మరి నీ కప్పు ఎక్కడ పెట్టమంటావని అడిగింది. వెటకారమేమీ లేదు. బల్ల సర్దే మనిషి ఏ గిన్నె ఎక్కడో అడిగినట్టు అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో గట్టిగానే చెప్పాను. నాకు భర్త లేడు, మాలో అలాంటి ఆడవాళ్ళు శుభకార్యాల్లో ముందుకి రారు, మీ పద్ధతి మీది మా పద్ధతి మాది అన్నాను. ఎవరన్నారు అలా అని అడిగింది. చెప్పబోయి ఆగాను. మా అమ్మ అనలేదు, ఆయన కన్నా ముందే పోయింది. తమ్ముడనలేదు. భరిణె పట్టుకున్న పిల్ల కూడా పెదవి కదపలేదు. చెప్పడానికి ఒక్క మనిషీ దొరకలేదు. దాంతో ఆవిడ మీద కోపం ఇంకా పెరిగింది. మా అత్తకి భర్త పోయి ఎన్నేళ్ళో అయింది, అయినా మా వైపు మొదటి కప్పు ఆవిడదే అంది. అది విననట్టు గదిలోంచి బయటికి వచ్చేశాను.

వరండాలో వచ్చినవాళ్ళు టీ కాచుకుని రుచి చూడ్డానికి బల్ల వేసి ఉంది. బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ ఎలక్ట్రిక్ కెటిల్‌లో నీళ్ళు మరిగించి, ఆకు మీద పోసి, బియ్యం కడిగిన నీళ్ళలా మొదటి నీళ్ళు పారబోసింది. రెండోసారి పోసి ఆ చిన్న టీ కూజా నా చేతికిచ్చింది. ఎంత కోపమున్నా చెయ్యి అలవాటు మానదు కదా, రెండు కప్పులూ అంచుదాకా నింపాను. ఆవిడ ఒక్కసారిగా పకపకా నవ్వింది. వాళ్ళలో టీ నిండుగా పోశారంటే ఇక లేచి వెళ్ళమని అట. కప్పులో కాస్త వెలితి ఉంచడమే మర్యాదట. ఆ రోజు మా ఫ్లాటులో నేను వెళ్ళగొట్టాననుకుని ఇంటికెళ్ళి భర్తతో కూడా చెప్పుకుందట. వెలితిగా పోస్తే మాలో తిట్టినట్టని నేను చెప్పాను. ఎంత బిగబట్టినా నాకూ నవ్వొచ్చేసింది.

నవ్వయ్యాక ఆవిడ కప్పు తిప్పుకుంటూ తన సంగతి చెప్పింది. వాళ్ళకి ఏడాదికో జంతువు ఉంటుంది కదా, ఆవిడ పులి ఏడాదిలో పుట్టిందట. పులి ఏడాది ఆడది పెళ్ళికూతురి గదిలో ఉంటే కీడని వాళ్ళలో ఒక నమ్మకం. చెల్లెలి పెళ్ళి గౌను ఆవిడే కుట్టిందట. తీరా తొడిగే వేళకి పిన్ని వచ్చి నువ్వు బయటికెళ్ళు అంది. వెళ్ళిపోయింది. కారిడార్‌లో తలుపుకి చెవి ఆనించి నిలబడి, జిప్పు పడిందా, భుజం దగ్గర లాగుతోందా అని బయటినుంచే అడుగుతూ ఉందట.

“నోబడీ పుష్ మీ, సిస్టర్,” అంది. “దే సే గో, ఐ గో. టిల్ నౌ ఐ యాంగ్రీ.”

అంత పెద్ద గొంతు మనిషి ఆ మాట చిన్నగా అంది. నా కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆవిడ మీద ప్రేమ పుట్టింది, అదీ నిజం. గృహప్రవేశం సంగతి, భరిణె సంగతి, ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. రెండు చేతులతో కప్పు పట్టుకుని నా ముందుకి చాపింది. ఇప్పుడే కదా తిన్నాం, వద్దని మన అలవాటు ప్రకారం అనేశాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగే పట్టుకుని ఉంది, ఇక అందుకోక తప్పలేదు. పాలూ చక్కెరా లేని టీ, గడ్డి వాసన, చేదు. చివర్లో మాత్రం నాలుక మీద ఏదో తీపి మిగిలింది.

వెళ్ళబోతూ ఆవిడ మళ్ళీ పెళ్ళి గదిలోకి వెళ్ళింది. బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి, నేను కూర్చోనన్న ఎర్ర కుర్చీలో పెట్టి, చోప్ ఆల్రెడీ అంది. లైట్లార్పడానికి పైకొచ్చిన అంకుల్ కూడా దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు. నేను నవ్వి, చూద్దాంలే అన్నాను. మనలో చూద్దాం అంటే చాలావరకు కాదనేనని ఆవిడకి తెలియదు.

అమ్మాయికి కూడా ఆ రాత్రి చూద్దాంలే అనే చెప్పాను. దానికి తెలుసు. గదిలోకి వెళ్ళిపోయింది.

పెళ్ళి బాగా జరిగింది. తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చున్నారు. నేను వెనకాల తాంబూలం సంచులు సర్దుతున్నాను. జీలకర్ర బెల్లం వేళకి అమ్మాయి తల తిప్పి జనంలో వెతకడం చూశాను. నా కోసమేనని తెలిసీ సంచులమీదకి వంగాను. ఆ క్షణం నామీద నాకే అసహ్యం వేసింది, అయినా లేవలేదు.

మర్నాడు పొద్దున ఫ్లాటు నిండిపోయింది. మా బ్లాకు తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు, అప్పట్లో భరిణె పట్టిన ఆ కోడలు కూడా. హాల్లో మా డైనింగ్ టేబుల్ కుర్చీలు రెండు వేసి, అబ్బాయి తెచ్చిన ఎర్ర గుడ్డలు కప్పారు. వెనక అరమరలో మా ఆయన ఫోటో, దండ, ఫోటో ముందు కప్పు. అమ్మాయి మొట్టమొదట ఆ కప్పులోనే టీ పోసింది. నేను వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని చూస్తున్నాను. పోయినవాళ్ళ కప్పు అది. దాని పక్కన ఇంకో కప్పుకి చోటుంది. మందిరంలో ఆవిడ అడిగిన ప్రశ్న అప్పుడు తగిలింది నాకు, గట్టిగా తగిలింది.

ఎవరో పెద్దవాళ్ళని కూర్చోమన్నారు. మరదలు ఒక కుర్చీలో కూర్చుంది. తమ్ముడు పంచె సర్దుకుంటూ రెండో కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఇదేమిటి, ఇక్కడెవరో ఏదో మర్చిపోయారని చెయ్యి చాపాడు. కుర్చీలో టిష్యూ ప్యాకెట్ ఉంది.

“అంకుల్, అందులో కూర్చోకండి,” అంది ఆ భరిణె కోడలు. “అది ఎవరో చోప్ చేసుకున్నారు.”

తమ్ముడికి ముక్క అర్థం కాలేదు. కానీ మా బ్లాకు వాళ్ళందరూ అవునవును, ఆగండి అన్నారు. ఎవరిదో, ఎవరు కూర్చుంటారో అని ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎవరూ ఆ ప్యాకెట్ తియ్యలేదు. వియ్యపురాలి కోసం వెతికాను. ఇంటి తలుపు అవతల, కారిడార్‌లో, చెప్పుల మధ్య నిలబడి ఉంది. కప్పులు దింపివెళ్ళే నెపంతో పొద్దున్నే వచ్చి లోపల చేయాల్సిన పని చేసేసి, పెళ్ళికూతురు బయటికొచ్చే వేళకి తనంతట తానే గడప దాటి వెళ్ళిపోయింది. నావైపు చూడకుండా పైకప్పు వంక చూస్తోంది.

ట్రే పక్కావిడ చేతికిచ్చాను. హాలు దాటాను. అందరూ చూస్తున్నారు. ప్యాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు నా వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అది కూర్చోమన్నట్టే ఉంది.

అమ్మాయీ అల్లుడూ ఎర్ర దిండ్ల మీద మోకరిల్లారు. అమ్మాయి కప్పులో టీ పోసింది. అల్లం వాసన, పాల టీ. ఎంత పోయాలో దానికి అత్తగారు నేర్పే ఉంటుంది. అయినా అంచుదాకా పోసింది, రెండు చేతులతో ఎత్తితే గాజుల మీద ఒలికింది. ఎత్తి తాగడానికి వీల్లేక నేనే వంగి, దాని చేతుల్లోంచే మొదటి గుక్క తాగాను. తర్వాత అందుకుని ఖాళీ చేశాను.

కప్పు ఇచ్చేశాక టిష్యూ ప్యాకెట్ విప్పాను. ఒకటి తీసి నేను కళ్ళు తుడుచుకున్నాను. ఒకటి అమ్మాయికిచ్చాను. ఇంకొకటి పట్టుకుని లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళాను. చెప్పుల మధ్య నిలబడి పులి కూడా ఏడుస్తోంది.

“లోపలికి రండి వదినగారూ,” అన్నాను. తెలుగులోనే అన్నాను. గడప దాటి వచ్చింది.